అర బ్యాండు ఖరీదు 44 పాయింట్లు

కెనడాలో శాశ్వత నివాసం (పీఆర్) ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతి మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది ఒకటే: "ఆరు నెలల్లో పీఆర్ చేతికొస్తుందట, నిజమేనా?" ఆరు నెలల మాట నిజమే. కాకపోతే ఆ లెక్క మీరు ప్రొఫైల్ వేసిన రోజు నుంచి మొదలవదు. ముందు ప్రొఫైల్ పెట్టి పూల్‌లో, అంటే అభ్యర్థుల జాబితాలో ఉండాలి. వయసు, చదువు, భాష, అనుభవాలకి ఇచ్చే పాయింట్లే సీఆర్‌ఎస్ స్కోరు; ఎక్కువ స్కోరున్నవాళ్లని ఏరే డ్రాలో మీ పేరు తగిలితే ఐటీఏ వస్తుంది, అంటే దరఖాస్తు వేసుకోమన్న పిలుపు. అది వచ్చిన 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. అక్కడి నుంచి ఆరు నెలల్లో తేల్చాలన్నది కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ పెట్టుకున్న లక్ష్యం. దానికి ముందు పూల్‌లో ఎంతకాలం కూర్చోవాలో ఎవరూ చెప్పలేరు. ఏడాదిలో పిలుపు రాకపోతే ప్రొఫైల్ గడువు తీరిపోతుంది, మళ్లీ వేసుకోవాల్సిందే.

నా గురించి ఒక ముక్క. నేను లైసెన్సున్న కన్సల్టెంటును కాను. హైదరాబాద్‌లో హెచ్‌ఆర్‌లో పనిచేసి, 2018లో ఇదే దారిలో కెనడాలోని మిస్సిసాగా వచ్చినదాన్ని. ఇక్కడ పేరోల్ చూస్తుంటాను. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా చెప్పడం ఇక్కడ నేరం కాబట్టి నా మాటలన్నీ ఉచితమే. రూల్స్ తరచూ మారుతుంటాయి. 2025 అక్టోబరు నాటికి ఉన్నవి రాస్తున్నాను, ఫీజు కట్టేముందు ఐఆర్‌సీసీ సైట్లో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, నాకు 32 ఏళ్లు, మా ఆవిడకు 29. నేను బీటెక్ చేసి ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 8, రీడింగ్ 7.5, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7 వచ్చాయి. తను స్ట్రక్చర్స్‌లో ఎంటెక్, నాలుగేళ్లుగా సివిల్ ఇంజనీరుగా చేస్తోంది. నేను పరీక్ష మళ్లీ రాయాలా? అర బ్యాండు కోసం ఇంకోసారి అంత ఫీజు దండగ అంటున్నారు మా నాన్నగారు.
— ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: నాన్నగారికి ఈ లెక్క చూపించండి.

మీరు మెయిన్ అప్లికెంటుగా, భార్యతో కలిసి వేస్తే: వయసుకి 85, బీటెక్‌కి 112. ఇంగ్లిష్‌లో మూడు విభాగాలు సీఎల్‌బీ (కెనడా వాళ్ల భాషా కొలమానం) 9 స్థాయికి చేరాయి, ఒక్కోదానికి 29. రైటింగ్ 6.5 అంటే సీఎల్‌బీ 8, దానికి 22. మొత్తం ఇంగ్లిష్‌కి 109. ఇక్కడివరకు రైటింగ్ వల్ల పోయింది ఏడు పాయింట్లే కదా అనిపిస్తుంది. అసలు దెబ్బ దీని తర్వాత ఉంది. చదువునీ ఇంగ్లిష్‌నీ కలిపి, విదేశీ (అంటే కెనడా బయటి) అనుభవాన్నీ ఇంగ్లిష్‌నీ కలిపి అదనపు పాయింట్లు ఇస్తారు. నాలుగు విభాగాల్లోనూ సీఎల్‌బీ 9 ఉంటేనే అవి పూర్తిగా వస్తాయి. ఒక్కటి తగ్గినా సగానికి పడిపోతాయి. మీకు 25 రావాల్సిన చోట 13, 50 రావాల్సిన చోట 25 వస్తున్నాయి. మీ ఆవిడ ఎంటెక్‌కి 10 కలిపితే మీ స్కోరు 354. రైటింగ్ 7 అయితే అదే 398. అర బ్యాండుకి 44 పాయింట్లు!

ఇప్పుడు అప్లికేషన్ తిప్పి చూద్దాం. మీ ఆవిడని మెయిన్ అప్లికెంటుగా పెట్టండి. వయసుకి 100, ఎంటెక్‌కి 126. తను కూడా ఐఈఎల్‌టీఎస్ రాసి సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే (లిజనింగ్ 8, మిగతా మూడు 7) ఇంగ్లిష్‌కి 116. మాస్టర్స్ కాబట్టి చదువు-ఇంగ్లిష్ కాంబినేషన్‌కి పూర్తి 50, మూడేళ్లు దాటిన అనుభవం కాబట్టి ఇంకో 50. మీ బీటెక్‌కి 8, మీ ఇప్పటి ఐఈఎల్‌టీఎస్‌కి 18. మొత్తం 468. అంటే మీరు పరీక్ష మళ్లీ రాయకుండానే 114 పాయింట్లు పెరిగాయి. మీలాంటివాళ్లు వేసే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ విభాగంలో అర్హతకి కావాల్సిన 67 మార్కులు (ఇది సీఆర్‌ఎస్ కాదు, వేరే లెక్క) కూడా తనకు దాటతాయి. నాకొచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై భర్త పేరు మీదే లెక్క వేసి ఉంటాయి. భార్య స్కోరు వేసి చూద్దామన్న ఆలోచనే రాదు మన ఇళ్లలో. చూడండి దయచేసి.

దీంతో పని అయిపోయినట్టేనా అంటే, కాదు. 2025లో అక్టోబరు వరకు జనరల్ డ్రా (కేటగిరీ లేకుండా అందరికీ కలిపి తీసేది) ఒక్కటీ తీయలేదు. కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకి, ప్రావిన్స్ నామినేషన్ ఉన్నవాళ్లకి, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి, వైద్యం, టీచింగ్, ట్రేడ్స్ వంటి కేటగిరీలకి విడివిడిగా తీస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కేటగిరీ జాబితాను మార్చేసి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను అందులోంచి తీసేశారు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లు, సైబర్ సెక్యూరిటీ వాళ్లు ఉన్నారు. ఆ లెక్కన కూడా మీ ఆవిడ పేరే మేలు. కానీ 2025లో అక్టోబరు వరకు స్టెమ్ డ్రా కూడా రాలేదు, ఆశ మొత్తం దానిమీదే పెట్టుకోకండి.

కాస్త ఓపిక ఉంటే ఫ్రెంచ్ నేర్చుకోండి. నాలుగు విభాగాల్లో ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటి కొలమానం) 7 తెచ్చుకుంటే మీ ఆవిడకి రెండో భాష కింద 12, ఫ్రెంచ్ బోనస్‌గా 50 కలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్రెంచ్ డ్రాలకి అర్హత వస్తుంది. 2025 మార్చి 21న తీసిన ఫ్రెంచ్ డ్రాలో 7,500 మందిని పిలిచారు, కటాఫ్ 379. సున్నా నుంచి మొదలుపెట్టి ఆ స్థాయికి చేరడం రెండు నెలల కోర్సుతో అయ్యే పని కాదు, ఏడాది పైనే పడుతుంది. ఈలోగా మీ ఆవిడకి 30 నిండితే వయసు కింద అయిదు పాయింట్లు తగ్గుతాయి, 31కి ఇంకో అయిదు. అయినా సరే, ఫ్రెంచ్ వల్ల వచ్చేది ఎక్కువ.

రైటింగ్ మళ్లీ రాయాలా అన్నారు. తన పేరు మీద వేస్తే మీ రైటింగ్ 7 అయినా పెరిగేది రెండు పాయింట్లే. ఆ డబ్బుతో తనకి పరీక్ష ఫీజు కట్టండి. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రెయినింగే రాయాలి, అకడమిక్ పనికిరాదు. పీటీఈ కోర్ అనే పరీక్షని కూడా 2024 నుంచి ఒప్పుకుంటున్నారు.

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఆరు లక్షలిస్తే కెనడా కంపెనీ జాబ్ ఆఫర్ తెప్పిస్తామని, దానితో 200 పాయింట్లు కలిసి పీఆర్ గ్యారంటీ అని అంటున్నారు. సగం అడ్వాన్స్ అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?
— ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇవ్వకండి. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే 50, 200 పాయింట్లను 2025 మార్చి 25 నుంచి పూర్తిగా ఎత్తేశారు. లేని పాయింట్లు అమ్ముతున్నారు మీకు. అది దొంగ ఆఫర్ అని తేలితే కన్సల్టెన్సీకి ఏమీ కాదు, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు అయిదేళ్ల నిషేధం పడేది మీ మీద. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ వేయడానికి ప్రభుత్వం రూపాయి కూడా తీసుకోదు. ఐటీఏ వచ్చాక దరఖాస్తుతో కట్టేది 2025లో పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి 1,525 కెనడా డాలర్లు, పిల్లలకి 260, బయోమెట్రిక్స్‌కి వేరే. ఎవరి సాయమైనా తీసుకోవాలనుకుంటే ఆర్‌సీఐసీ (లైసెన్సున్న కన్సల్టెంటు) నంబరు అడగండి, కెనడా కన్సల్టెంట్ల కాలేజీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే పేరు, లైసెన్సు ఉందో లేదో కనిపిస్తుంది. నంబరు అడగ్గానే "మా మీద నమ్మకం లేదా మేడమ్" అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: టెన్త్ మెమోలో, డిగ్రీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇబ్బందా?
— ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: మనవాళ్లందరికీ ఉన్నదే. ఐఈఎల్‌టీఎస్, ప్రొఫైల్, మెడికల్ అన్నిటికీ పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంటే అలాగే ఇవ్వండి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి, దరఖాస్తుతో పాటు చిన్న వివరణ లేఖ పెట్టండి. ఫారంలో వేరే పేర్లు ఉన్నాయా అని అడిగిన చోట డిగ్రీలో ఉన్న రూపం రాయండి. చదువు మూల్యాంకనానికి (మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చడానికి) పంపేటప్పుడు కూడా, వెస్ అయినా ఇంకో సంస్థ అయినా, ముందే ఇది చెప్పి ఉంచితే మళ్లీ ఉత్తరాలు నడపక్కర్లేదు.

ప్రశ్న: మా హెచ్‌ఆర్ వాళ్లు రెండు లైన్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ తప్ప ఏమీ ఇవ్వమంటున్నారు. జీతం, పని వివరాలు రాయడం పాలసీలో లేదట. పాత కంపెనీ అయితే మెయిల్‌కి జవాబే ఇవ్వదు. ఏం చేయాలి?
— ఓ పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: అవతలి కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి వాళ్ల బాధ ముందు చెప్తాను. "ఫలానా వారు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా సంస్థలో పనిచేశారు, వారి భవిష్యత్తు బాగుండాలి" అన్నది లీగల్ వాళ్లు ఓకే చేసిన టెంప్లేట్. దాంట్లో కామా మార్చాలన్నా పైకి మెయిల్ పెట్టాలి. మీరు "కెనడా పీఆర్‌కి కావాలి" అనగానే వాళ్లకి వినబడేది "ఇంకో ఆర్నెల్లలో రిజైన్ చేస్తాడు" అని. అందుకని హెచ్‌ఆర్‌తో పోట్లాడి లాభం లేదు. వాళ్లిచ్చే రెండు లైన్లూ తీసుకోండి, తేదీలకు అది పనికొస్తుంది.

ఐఆర్‌సీసీ అడిగేది కంపెనీ లెటర్‌హెడ్ మీద మీ హోదా, చేసిన పనులు, చేరిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏడాది జీతం, ఇతర సదుపాయాలు, సంతకం చేసినవాళ్ల పేరు, హోదా, ఫోను. ఇందులో అందరూ మర్చిపోయేది వారానికి ఎన్ని గంటలన్నది. మన కంపెనీల్లో ఎవరూ రాయరు మరి.

మేనేజర్‌తో మాట్లాడండి. లెటర్‌హెడ్ ఇవ్వలేకపోతే, మీరు చేసిన పనిని ఆయన తన పేరుతో, ఫోన్ నంబరు, విజిటింగ్ కార్డు జతచేసి రాసి సంతకం చేయవచ్చు. దాంతో పాటు ఆఫర్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, పే స్లిప్పులు, ఫారం 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టండి. కంపెనీ లెటర్ ఎందుకు దొరకలేదో ఒక పేజీలో రాసి, మీరు అడిగిన మెయిల్, వాళ్లు కుదరదన్న జవాబు జతచేయండి. జవాబే ఇవ్వని పాత కంపెనీ అయితే మీరు పంపిన మెయిళ్లు చాలు.

డ్యూటీల విషయంలో ఒక జాగ్రత్త. ఎన్‌ఓసీ (కెనడా ఉద్యోగాల వర్గీకరణ) కోడ్ కింద ఉన్న వాక్యాలను యథాతథంగా దించి లెటర్‌లో పెట్టేవాళ్లున్నారు. ఆఫీసరు రోజూ చూసేది ఆ ఎన్‌ఓసీ పేజీనే, ఇట్టే పట్టేస్తారు. మీరు నిజంగా చేసిన పని రాయండి: "పేమెంట్ మాడ్యూల్‌కి టెస్ట్ కేసులు రాసి, రిలీజుకి ముందు రిగ్రెషన్ నడిపేవాడిని" లాంటివి. అది కోడ్‌తో ఎక్కువ భాగం కలిస్తే చాలు. ఇంకొకటి, కోడ్‌ని హోదా పేరు చూసి ఎంచుకోకండి. మన దగ్గర మేనేజర్ అని కార్డు మీద ఉన్నవాళ్లలో చాలామంది కింద ఒక్క మనిషి కూడా ఉండడు.

ప్రశ్న: నేను, భార్య, ఇద్దరు పిల్లలు. కెనడాలో స్థిరపడటానికి సరిపడా డబ్బు (ఫండ్స్) ఉందని చూపించడానికి నాన్న తన పొలం కొంత అమ్మి 20 లక్షలు నా అకౌంట్లో వేస్తానంటున్నారు. నా పేరు మీద ఉన్న స్థలం విలువ కూడా చూపించవచ్చా? తక్కువ పడితే పర్సనల్ లోన్ తీసుకుందామని ఉంది.
— ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: స్థలం విలువ లెక్కలోకి రాదు. అప్పు తెచ్చిన డబ్బు అసలే ఒప్పుకోరు. నాన్నగారిచ్చేది తిరిగి ఇవ్వక్కర్లేనిదైతే చెల్లుతుంది.

నలుగురి కుటుంబానికి 2025 జూలై నుంచి చూపించాల్సింది 28,362 కెనడా డాలర్లు, 2025 అక్టోబరు రేటుకి 18 లక్షలకి కాస్త తక్కువ. ఇద్దరికైతే 19,001. కాబట్టి 20 లక్షలు సరిపోతాయి, లోన్ ఆలోచన మానేయండి. రూపాయి పడిపోతే ఇబ్బంది రాకుండా ఆ కొసరు మొత్తం ఉండనివ్వండి.

అయితే డబ్బు ఎప్పుడు పడిందన్నది చూస్తారు. బ్యాంకు ఇచ్చే లేఖలో అకౌంటు నంబరు, అకౌంటు తెరిచిన తేదీ, ఇప్పటి బ్యాలెన్సు, గడిచిన ఆరు నెలల సగటు బ్యాలెన్సు, క్రెడిట్ కార్డులతో సహా మీకున్న అప్పులు ఉండాలి. మన బ్రాంచీలో బ్యాలెన్స్ సర్టిఫికెట్ అనడిగితే ఒక్క వాక్యం రాసి స్టాంపు కొట్టి ఇస్తారు, అది చాలదు. ఈ అయిదు వివరాలూ ఒక కాగితం మీద రాసుకెళ్లి మేనేజర్‌కి ఇచ్చి, లెటర్‌హెడ్ మీద అలాగే కావాలని చెప్పండి. పొలం అమ్మకం ఎలాగూ ఖాయమైతే ఐటీఏ కోసం ఆగకుండా ఇప్పుడే డబ్బు వేయించుకోండి, సగటు పెరుగుతుంది. ఒక్కసారే పెద్ద మొత్తం పడింది కాబట్టి పొలం సేల్ డీడ్ నకలు, నాన్నగారు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, ఆయన అకౌంటు నుంచి మీ అకౌంటుకి వచ్చినట్టు స్టేట్‌మెంటు పెట్టండి. తెలుగులో ఉన్న డీడ్‌కి ఇంగ్లిష్ అనువాదం తప్పనిసరి. వీసా ఇచ్చే రోజు వరకు ఆ డబ్బు కదపకండి, మధ్యలో చెల్లెలి పెళ్లికని తీసి మళ్లీ వేస్తే ప్రశ్నలొస్తాయి.

పొలం అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం. నన్నడిగితే, ఐటీఏ వచ్చే స్కోరు మీకు ఉందో లేదో ముందు చూసుకోమంటాను. స్కోరు మీరు రాయలేదు.

ప్రశ్న: నేను స్కూలు టీచర్ని, 27 ఏళ్లు, ఎంఎస్సీ, బీఈడీ, నాలుగేళ్ల అనుభవం. స్కోరు 469. 2025 సెప్టెంబరు 17 డ్రాలో ఐటీఏ వచ్చింది. ఈలోగా సంబంధం కుదిరింది. అబ్బాయి బీటెక్, ఇక్కడే ఉద్యోగం. పెద్దవాళ్లు కార్తీకంలో చేసేద్దామంటున్నారు, ఫాల్గుణంలో కూడా ముహూర్తం ఉందట. పెళ్లి సంగతి పీఆర్ వచ్చాక చెప్పి ఆయన్ని తర్వాత తీసుకెళ్లమని తెలిసినవాళ్లు సలహా ఇస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉందక్కా.
— ఓ పాఠకురాలు, అనంతపురం

జవాబు: రెండింటికీ శుభాకాంక్షలమ్మా. ఆ తెలిసినవాళ్ల సలహా మాత్రం వినకు. పెళ్లయిన సంగతి చెప్పకుండా ఒంటరిగా ల్యాండ్ అయితే (కెనడాలో దిగి పీఆర్ తీసుకుంటే), తర్వాత భర్తగా ఆయన్ని స్పాన్సర్ చేసే హక్కు పోతుంది. తప్పుడు సమాచారం కింద నీ పీఆర్‌కే ఎసరు రావచ్చు.

నీ విషయంలో ముహూర్తమే పాయింట్లు నిర్ణయిస్తుంది. ఆ టీచర్ల డ్రాకి కటాఫ్ 462. నువ్వు ఒంటరిగా ఉన్నావు కాబట్టి 469. దరఖాస్తు వేయకముందే పెళ్లయి, ఆయన కూడా నీతో వస్తారని చూపిస్తే వివాహితుల పట్టిక వర్తిస్తుంది: వయసులో 10, చదువులో 9, ఇంగ్లిష్‌లో 8 తగ్గి 442 అవుతుంది. అది కటాఫ్ కన్నా తక్కువ, దరఖాస్తు తిరగ్గొడతారు. ఆయన చదువు మూల్యాంకనం, ఐఈఎల్‌టీఎస్ సీఎల్‌బీ 9 రెండూ ఉంటే 28 కలిసి 470 అవుతుంది కానీ, 60 రోజుల్లో అవన్నీ తెచ్చుకోవడం కష్టం.

కాబట్టి ముందు దరఖాస్తు. నీ గడువు నవంబరు 16తో ముగుస్తుంది, కార్తీకం నవంబరు 20 దాకా ఉంది. కార్తీకం ముహూర్తం ఆ గడువుకి ముందు పడిందా, తర్వాత పడిందా అన్నది కాదు, నువ్వు దరఖాస్తు సబ్మిట్ చేశావా లేదా అన్నదే చూసుకో. నన్నడిగితే ఫాల్గుణం మేలు, ఊపిరాడుతుంది. నిశ్చితార్థం అయినా చట్టప్రకారం నువ్వు అవివాహితవే, ఫారంలో అలాగే రాయి. అందులో అబద్ధం లేదు.

ఈ లోపు చేయాల్సినవి: పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవలో వెంటనే అప్లై చెయ్. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా దరఖాస్తుకి ముందే చేయించుకోవాలి, ఐఆర్‌సీసీ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ల దగ్గరే. అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకో, చివరి వారంలో దొరక్కపోతే గోల. స్కూలు లెటర్ సంగతి పైన గచ్చిబౌలి అబ్బాయికి రాసిందే నీకూ.

పెళ్లయ్యాక సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకో. కల్యాణ మండపం రసీదు, శుభలేఖ దానికి బదులు కావు, తోడుగా పెట్టొచ్చు. ఐఆర్‌సీసీ వెబ్‌ఫారం ద్వారా పెళ్లి సంగతి తెలిపి ఆయన్ని దరఖాస్తులో చేర్పించు. ఆయన ఫీజు, మెడికల్, పోలీస్ క్లియరెన్స్ అడుగుతారు, ఫండ్స్ కూడా ఇద్దరికి సరిపడా చూపించాలి. దీనివల్ల ఆరు నెలలు కాస్తా ఇంకొన్ని నెలలు సాగవచ్చు. పాయింట్లు చూసేది ఐటీఏ నాటికి, దరఖాస్తు అందిన నాటికి కాబట్టి తర్వాతి పెళ్లి వల్ల నీ 469కి ఢోకా లేదు. ఒకవేళ పెళ్లి అయ్యేలోపే నీ పీఆర్ పత్రాలు వచ్చేస్తే, ల్యాండ్ అయ్యేముందు పెళ్లి చేసుకుంటున్నానని వాళ్లకి రాయకుండా మాత్రం విమానం ఎక్కకు.